తాళాలు ఇవ్వొద్దన్నది నేనే

కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్‌లో ఏ తెలుగువాళ్ళింట తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరిగినా, తిండి అయ్యి పేపర్ ప్లేట్లు చెత్తబుట్టలో పడ్డాక ఒక కథ బయటికొస్తుంది. నేను ఆ గదిలో ఉంటే గొంతు తగ్గించి చెబుతారు, లేకపోతే పెంచి చెబుతారు. అంతే తేడా. కథ ఇది: ఒకావిడ తాగి కారు నడిపి, రోడ్డు దాటుతున్న మనిషి కాలు విరగ్గొట్టింది. కోర్టులో శిక్ష పడింది. ఏ కంపెనీ ఆవిడకి ఇన్సూరెన్స్ ఇవ్వనంటే, ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే నేను మన తెలుగుపిల్ల కదా అని జాలిపడి దొంగ కాగితాలు పెట్టి ఇప్పించాను. కారు చేతికి రాగానే ఆవిడ మొగుణ్ణి వదిలేసింది.

ఇందులో కాలు విరిగిన మాట నిజం. కోర్టు మాటా నిజమే. ఇక మిగతావి చూద్దాం. ఆవిడ జన్మలో మందు ముట్టలేదు. మొగుణ్ణి వదల్లేదు. మొన్న శనివారం కూడా ఇద్దరూ బజారులో పక్కపక్కనే నిలబడి వంకాయలు ఏరుకుంటుంటే చూశాను. నేను పెట్టిన కాగితాల్లో ఒక్క అబద్ధపు అక్షరం లేదు. జాలి సంగతంటారా, ఆ సరుకు నా దగ్గర ఎప్పుడూ పెద్దగా నిల్వ ఉండేది కాదని నాతో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

పోయిన ఏడాది ఆ ఉద్యోగం మానేశాను. వయసు మీరి కాదు, ఆఫీసు చేతులు మారి కొత్త యజమానికీ నాకూ రోజూ వాదనలై. ఇన్నాళ్ళూ క్లయింట్ల సంగతులు బయట చెప్పకూడదని నోరు కట్టుకున్నాను. పోయిన నెల ఆవిడకే ఉత్తరం రాసి అడిగాను. ఒక్క లైను జవాబొచ్చింది: "రాయండక్కా, పేర్లు మాత్రం వద్దు." అందుకని మన తెలుగు పత్రికలో రాస్తున్నాను. ముఖ్యంగా కొత్తగా వచ్చి, డ్రైవింగ్ లైసెన్సు తీసుకుని, దాన్ని హ్యాండ్‌బ్యాగులో ఫోటో ఉన్న గుర్తింపుకార్డులా మోసుకు తిరుగుతున్న ఆడపిల్లల కోసం.

మా ఆఫీసులో ముగ్గురమే. ముందుగదిలో యజమాని, మధ్యలో నేను, తలుపు దగ్గర అరవై ఏళ్ళ ఒక అమెరికన్ ఆవిడ. ఆవిడ ఇరవై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి, మోకాళ్ళు అరిగి, మా దగ్గర ఫోన్లు ఎత్తే పనిలో చేరింది. వాల్తేరులో ఎకనామిక్స్ ఎమ్మే చదివిన నాకు యజమాని అప్పగించింది ఎవరికీ అక్కర్లేని బల్ల. తాగి నడిపినవాళ్ళు, మితిమీరిన వేగంతో పట్టుబడినవాళ్ళు, మనుషుల్ని గుద్దినవాళ్ళు, ఒకరిద్దరు జైలుకెళ్ళి వచ్చినవాళ్ళు, అంతా నా దగ్గరికే వచ్చేవారు. ఇలాంటివాళ్ళని ఏ కంపెనీ తనంతట తాను తీసుకోదు. అందుకని రాష్ట్రంలో ఒక పద్ధతి ఉండేది. వద్దన్న డ్రైవర్లందరినీ ఒకచోట పోగేసి, పేకముక్కలు పంచినట్టు కంపెనీలకి వంతులవారీగా పంచేవారు. ఎవరి వంతుకి వచ్చిన మనిషిని వాళ్ళు కాదనకూడదు. ప్రీమియం మాత్రం నడ్డి విరిగేలా ఉండేది. సస్పెండైన లైసెన్సు తిరిగి చేతికి రావాలంటే, ఈ మనిషికి ఇన్సూరెన్స్ ఉందని కంపెనీ మోటారు వాహనాల ఆఫీసుకి ఒక సర్టిఫికెట్ పంపాలి. ఆ దరఖాస్తులు టైపు చేయడం నా పని.

టైపు చేసే ముందు ఒక పావుగంట తిట్టడం నాకు నేను పెట్టుకున్న పని. మా యజమాని దాన్ని చర్చి ప్రసంగం అనేవాడు. బస్సు ఆవిడ, క్లయింటు బయటికెళ్ళగానే, "ఇవాళ ఎంతమంది మారారు?" అని అడిగేది. నేను లెక్కచేసేదాన్ని కాదు. మనిషి నడిచొచ్చే తీరు చూస్తేనే వీడు ఏం చేసొచ్చాడో చెప్పగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం గురించే ఈ రాత.

ఎనభైల మొదట్లో ఒకాయన వచ్చాడు. తెలుగాయన, చిప్స్ తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ముప్పై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. వాళ్ళావిడ కారు నడుపుతూ ఒక ముసలాయన్ని గుద్దిందనీ, నిర్లక్ష్యంగా నడిపినందుకు శిక్ష పడిందనీ, లైసెన్సు సస్పెండయిందనీ చెప్పాడు. ఇప్పుడు ఆయన కారు పాలసీ కూడా రద్దు చేస్తామని కంపెనీ ఉత్తరం రాసింది. ఇంట్లో శిక్షపడిన డ్రైవరు ఉంటే కంపెనీలు అలాగే చేస్తాయి.

దీనికో దారి ఉంది. ఆవిడని పాలసీలోంచి మినహాయించమని రాసిస్తే పాలసీ నిలుస్తుంది. ఆ కారు ఆవిడ ఒక్క గజం నడిపినా కంపెనీకి సంబంధం లేదని అర్థం. ఆ కాగితం నేనే టైపు చేశాను. ఆయన సంతకం పెట్టాడు. ఆవిడ సంతకం అక్కర్లేదు, ఆవిణ్ణి చూడనూ అక్కర్లేదు. నేనూ అడగలేదు. పైగా కాఫీ ఇచ్చి, ఇంత జరిగినా భార్య మీద ఒక్క మాట తూలని మనిషని మురిసిపోయి, అడక్కుండానే ఒక సలహా కూడా ఇచ్చాను. కాగితంతో అయిపోలేదు తమ్ముడూ, తాళాలు ఆవిడ చేతికి అందనివ్వకు, ఒకసారి గుద్దినవాళ్ళు మళ్ళీ గుద్దుతారు, నేను రోజూ చూస్తున్నాను అన్నాను. ఆయన "అలాగే అక్కయ్యగారూ" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు అన్నాలు తింటూ మా ఆయనకి చెప్పాను, బాధ్యత తెలిసిన మనిషంటే వాడూ అని.

రెండున్నరేళ్ళు గడిచాయి. ఒక సోమవారం మధ్యాహ్నం, ఒక సన్నపాటి అమ్మాయి ఫైలు గుండెకి ఆనించుకుని వచ్చింది. ఇంటిపేరు చూడగానే గుర్తుపట్టాను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. బే అనే సముద్రపు పాయ మీది వంతెన దాటితే అవతల ఒక ల్యాబులో ఉద్యోగం దొరికింది, రెండు వారాల్లో చేరాలి. అటు బస్సు లేదు. భర్త ఆఫీసు వేరే దిక్కు, దింపడం కుదరదన్నాడు. వాళ్ళ పక్కింట్లో ఉండే అమెరికన్ పెద్దావిడ దగ్గర పాత కారు ఒకటి కొనుక్కుంది. ఆ పెద్దావిడే కారు తెచ్చి మా వీధిలో పెట్టి, ఈ పిల్లని దింపి, పక్క దుకాణానికి వెళ్ళింది. సస్పెన్షను గడువు అయిపోయింది. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ వెళ్తే లైసెన్సు వస్తుంది. లైసెన్సు వస్తే ఉద్యోగం. రెండు వారాల్లో చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారట.

ఇవన్నీ ఆ పిల్ల నేల చూస్తూ చెప్పింది. నేల చూడటాన్ని నేను తప్పు చేసినవాళ్ళ లక్షణంగా రాసుకుని, ప్రసంగం మొదలుపెట్టాను. ముసలాయన కాలు గురించి చెప్పాను. మన దేశం పేరు గురించి చెప్పాను. మీలాంటి ఒక్కరి వల్ల ఇక్కడున్న ఆడవాళ్ళందరికీ డ్రైవింగ్ రాదనే పేరొస్తుందన్నాను. అంత నెమ్మదైన భర్తని పెట్టుకుని ఇదేం పని అని కూడా అన్నాను. ఆ పిల్ల అన్నీ వింది. చివర్లో, "ఫారం పూర్తి చేద్దామా అక్కా?" అని మాత్రం అడిగింది.

మా ఆఫీసులో ఒక రివాజు. కొత్త దరఖాస్తుతో పాటు కారు ఫోటోలు రెండు జతచేయాలి. మా యజమానికి వెనక స్థలంలో ఉన్న తెల్లగోడ ముందు తీస్తేనే నచ్చుతుంది. సొట్టలు స్పష్టంగా కనిపిస్తాయని ఆయన పట్టు. కాబట్టి వచ్చినవాళ్ళు వీధిలోంచి కారు వెనక్కి తెచ్చి పెట్టాలి. లైసెన్సు లేనివాళ్ళకి బస్సు ఆవిడ తెచ్చిపెట్టేది. ఆ రోజు ఆవిడ ఫోన్లో ఉంది. నాకు ఓపిక లేదు. మన స్థలమే కదా, వీధి చివరి నుంచి ఇటు తిప్పితే చాలు, నేను పక్కన కూర్చుంటాను పద అన్నాను. అది తప్పే. నా తప్పుల పట్టికలో చిన్నది.

ఆ పిల్ల స్టీరింగ్ ముందు కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. అద్దం సరిచేసింది. రెండు చేతులూ స్టీరింగ్ మీద పుస్తకంలో బొమ్మలా పెట్టింది. తాళం తిప్పలేదు. ఎంతసేపటికీ తిప్పలేదు. నేను కెమెరా ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాను. చివరికి తిప్పింది. గేరు మీద చెయ్యి వేసి, ముందుకీ వెనక్కీ గుర్తులుగా ఉన్న అక్షరాల్లో ఏ అక్షరం దగ్గర ఆపాలో తెలియనట్టు దాన్ని అటూ ఇటూ లాగింది. కారు ఒక్క ఎగురు ఎగిరి, ఫుట్‌పాత్ ఎక్కి, డెంటిస్టు ఆఫీసు ముందున్న పొదలో ముక్కు పెట్టి ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పిల్ల బ్రేకు మీద రెండు కాళ్ళూ కలిపి నొక్కి పట్టుకుంది.

మనుషుల్ని గుద్దగలిగినదానివి, వెనక్కి తీయడం రాదా అన్నాను. ఆ మాట రాయకుండా వదిలేద్దామనుకున్నాను, కానీ అన్నది అన్నట్టు రాయాలి.

ఆ పిల్ల నా వైపు తిరగలేదు. పొదని చూస్తూ చెప్పింది.

"ఆ రోజు నేను నడపలేదక్కా. టెస్టు పాసైన రోజు తర్వాత స్టీరింగ్ ముట్టుకోవడం ఇదే."

నాకు ఎంతసేపటికీ అర్థం కాలేదంటే నమ్మండి. వాదించడానికి కూడా నోరు తెరిచాను. కోర్టు కాగితం ఉంది, పోలీసు రిపోర్టు ఉంది, నువ్వే నడిపానని చెప్పావని అందులో ఉంది అన్నాను. అవునంది. చెప్పానంది.

ఆ పొద ముందే, ఇంజను ఆపేసి, అంతా చెప్పింది. ఒక ఆదివారం ఎవరింట్లోనో పిల్లాడి పుట్టినరోజు భోజనం. మగవాళ్ళు బీర్లు తాగారు. మూడు గంటల ఎండలో తిరిగొస్తున్నారు. భర్త నడుపుతున్నాడు, తను పక్కన, వెనక సీట్లో స్నేహితులైన ఇంకో జంట. ముసలాయన రోడ్డు దాటుతున్నాడు. గుద్దిన చోటు దాటి ఇరవై గజాల అవతల కారు ఆగింది. వీధిలో జనమంతా పడిపోయిన మనిషి చుట్టూ చేరారు, కారు వైపు ఎవరూ చూడలేదు. భర్త గ్రీన్‌కార్డు అప్పుడు ఆఖరి మెట్టు మీద ఉంది. తాగి నడిపాడని కేసు పడితే ఉద్యోగం, గ్రీన్‌కార్డు రెండూ పోతాయి. పోలీసు వచ్చేలోపల ఈ పిల్ల స్టీరింగ్ వెనక ఉంది. నోరు వాసన చూశారు, ఏమీ లేదు. నిర్లక్ష్యంగా నడిపినట్టు మాత్రం రాశారు.

"మారమని ఎవరన్నారు?" అని అడిగాను.

"ఎవరూ అన్నట్టు గుర్తు లేదక్కా. అందరూ నా వైపు చూశారు."

 పద, లాయరు దగ్గరికి వెళ్దాం, కోర్టులో తిరగరాయిద్దాం అన్నాను. నా గొంతు అప్పటికే వీధి దాకా వినిపిస్తోంది. ఆ పిల్ల నా మోచేతి మీద చెయ్యి వేసింది. నేను ఇచ్చిన వాంగ్మూలం అబద్ధమైతే మొదట చిక్కుకునేది నేనే అంది. అది నిజం. ఎకనామిక్స్ ఎమ్మేకి తట్టలేదు. తర్వాత అంది, "నాకు ఇన్సూరెన్స్ కావాలక్కా. న్యాయం తర్వాత చూసుకుందాం, ముందు ఉద్యోగంలో చేరాలి."

మరి ఇన్నాళ్ళూ కనీసం వీధి చివరిదాకా అయినా ఎందుకు నేర్చుకోలేదు, సస్పెన్షను కన్నా ముందు ఏడాది పైన లైసెన్సు ఉందిగా, పోనీ ఆ తర్వాత అపార్ట్‌మెంటు పార్కింగులో అయినా ముందుకీ వెనక్కీ తిప్పుకోవచ్చుగా అన్నాను. నా నోటికి ఆపు లేదని ముందే చెప్పాను.

అప్పుడు తిరిగి నా మొహం చూసింది. కోపంగా కాదు. నాకు తెలుసుననుకున్నట్టు చూసింది.

"తాళాలు ఆఫీసుకి పట్టుకెళ్ళిపోతారు. రెండో జత కూడా. మీరే చెప్పారట కదక్కా, ఇవ్వొద్దని."

నేను కారు దిగాను. పొదలో ఇరుక్కున్న బంపరు చూస్తున్నట్టు నటించాను. ఆ మినహాయింపు కాగితం మీద మా ఆఫీసు ముద్ర, నా టైపు, నా కాఫీ. ఈ పిల్ల రెండున్నరేళ్ళు ఒక అపార్ట్‌మెంటులో కూర్చోవడానికి కోర్టు చేసింది కొంత, మొగుడు చేసింది కొంత, నేను చేసింది కొంత. నా వాటా అడక్కుండా ఇచ్చినది. ఆ రోజు దాకా నేను నా బల్ల ముందు కూర్చున్న వందల మందిని తిట్టాను. వాళ్ళలో ఇంకెంతమంది పక్కసీటు వాళ్ళున్నారో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

బస్సు ఆవిడ ఫోను పెట్టేసి బయటికొచ్చింది. కారునీ పొదనీ మా ఇద్దరినీ చూసింది.  ఆ పిల్లని దిగమని, తను ఎక్కి, కారు వెనక్కి తీసి, తెల్లగోడ ముందు పెట్టి, ఫోటోలు కూడా తనే తీసింది. అప్పుడు నేను ఆవిడకి అసలు సంగతి చెప్పాను, తప్పదు గనుక చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి, ఇవాళ మారింది ఎవరో తెలిసింది అంది. 

లోపల టైపురైటరు ముందు కూర్చున్నాను. దరఖాస్తులో కింద నా సంతకం కూడా ఉంటుంది, పైన రాసినది నాకు తెలిసినంతవరకు నిజమని. అబద్ధం టైపు చేయనని పన్నెండేళ్ళు గర్వపడినదాన్ని. ఒక్కో ప్రశ్న దగ్గరా వేళ్ళు ఆగాయి. గత మూడేళ్ళలో మీకు శిక్ష పడిందా? పడింది. అది నిజమే. నువ్వు చేశావా అని ఆ ఫారం ఎక్కడా అడగదు. నేను ఆ ఫారాన్ని వందలసార్లు నింపాను, ఆ సంగతి ఆ రోజే గమనించాను. ఎన్నేళ్ళుగా నడుపుతున్నారు? ఆ పిల్ల సున్నా వేయమంది, వేశాను. అప్పుడొచ్చింది ఆఖరి గడి: ప్రమాదం ఎలా జరిగిందో మీ సొంత మాటల్లో రాయండి.

ఇక్కడ ఆగిపోయాం. ఏం రాసినా అబద్ధమన్నా అవుతుంది, కొత్త కేసన్నా అవుతుంది. పోస్టు వెళ్ళే వేళ దగ్గరపడుతోంది. ఆ రోజు పోస్టులో పడకపోతే సర్టిఫికెట్ సమయానికి అందదు. ఖాళీగా వదిలేస్తే ఫారం తిప్పి పంపుతారు. నేను మూడు నాలుగు వాక్యాలు చెప్పి చూశాను, అన్నీ లాయర్ల వాక్యాలే. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. చివరికి తనే చెప్పింది, ఒక్కొక్క మాటే, ఇంగ్లీషులో: నా భర్త కారు రోడ్డు దాటుతున్న ఒక మనిషిని గుద్దింది.

అక్షరం మార్చకుండా టైపు చేశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. దొంగ కాగితం అంటున్నారే, అది ఇదే. ఎవరైనా చదివి, ఇదేమిటి, కారు ఎవరిదో చెప్పారు, నడిపినదెవరో చెప్పలేదేం అని అడుగుతారేమోనని వారం రోజులు భయపడ్డాను. కంపెనీలో ఒక్కడూ అడగలేదు. నాకైతే అదీ ఒక దెబ్బే.

సర్టిఫికెట్ పదో రోజున వచ్చింది, లైసెన్సు దాని వెనకే. ఈలోగా బస్సు ఆవిడ ప్రతి సాయంత్రం ఆ పిల్లని ఎక్కించుకుని వంతెన దాటించి తీసుకొచ్చేది. నడిపేది తనే, పక్కన కూర్చోబెట్టి ఎక్కడ ఏ లేను మారాలో పాఠం చెప్పేది. లైసెన్సు అందిన రోజు నుంచి సీట్లు మారారు. మొదట్లో ఒకసారి వంతెన మీద ఆ పిల్ల వేగం తగ్గించేసి, మా ఆయనకి తెలిస్తే, మా ఆయనకి తెలిస్తే అని పాటలా అంటుంటే, ఈవిడ అందిట: "నేను అరిచే పిల్లలు అరవై మందిని వెనక వేసుకుని నడిపాను. నీకున్నది ఒక్కడు, అదీ ఇంట్లో." ఆ పిల్ల నవ్వి, లేను మారిందట. ఆ తర్వాతి సోమవారం ఒక్కతే వెళ్ళింది. సాయంత్రం మా ఆఫీసుకి ఫోను చేసి, "చేరాను అక్కా" అంది. క్షేమంగా చేరడమా, ఉద్యోగంలో చేరడమా అని నేను అడగలేదు. రెండూ అయినట్టే.

కథ ఇక్కడ ఆపితే మీకూ బాగుండేది, నాకూ బాగుండేది. కానీ మర్నాడు ఆయన ఫోను చేశాడు. మొగుడు.

నేను సిద్ధంగా ఉన్నాను. బెదిరిస్తాడనుకున్నాను. లేదా గుట్టు బయటపెట్టొద్దని బతిమాలతాడనుకున్నాను. రెండింటికీ జవాబులు నాలుక చివర పెట్టుకున్నాను. ఆయన గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది.

"మీరు మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు అక్కయ్యగారూ. కానీ తనకి రోడ్డు మీద చూపు నిలవదండీ. ఆ రోజు కూడా నేను పక్కనుంచి బ్రేకు, బ్రేకు అని అరుస్తూనే ఉన్నాను. వినిపించుకోలేదు."

ఫోన్లో మేమిద్దరమే. వినేవాళ్ళు ఎవరూ లేరు. నాకు నిజం తెలుసని ఆయనకి తెలియకపోవచ్చు. అయినా నాతో అంత వివరంగా అబద్ధమాడవలసిన పని లేదు. ఆ గొంతులో నటన లేదు. అబద్ధాలు చెప్పేవాళ్ళని ఏళ్ళ తరబడి విన్న చెవులు నావి, ఆ మాత్రం తేడా తెలుస్తుంది. ఆయన కళ్ళ ముందు ఆ వీధి ఉంది, ఆ ఎండ ఉంది, పక్కసీట్లో తను ఉన్నాడు. నిజంగా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు కూడా భయపడుతున్నాడు, భార్య ఇంకెవరినైనా గుద్దుతుందేమోనని.

 సరేనండీ అని పెట్టేశాను. నా ఉద్యోగ జీవితంలో వాదించకుండా ఫోను పెట్టేసింది ఆ ఒక్కసారే.

ఆయన మారలేదు. ఇప్పటికీ ఆవిడ కారెక్కితే గుమ్మంలో నిలబడి జాగ్రత్తలు చెబుతాడట. ఆవిడ వింటుందట. ఆవిడ రికార్డు మీద ఆ శిక్ష తర్వాత ఇన్నేళ్ళలో ఒక్క ట్రాఫిక్ జరిమానా టికెట్టు కూడా లేదు. ఎలా భరిస్తున్నావని ఒకసారి అడిగితే, మొదట్లో ఒప్పించాలని చూశానక్కా, తర్వాత ఆయనకి అది నిజంగానే జ్ఞాపకమని తెలిసి ఊరుకున్నాను అంది. అంతకన్నా ఏమీ చెప్పలేదు. ఆవిడ బతుకు, ఆవిడ లెక్క. నాకు అందులో వేలు పెట్టే హక్కు పోయింది, ఆ తాళాల సలహాతోనే పోయింది.

కానీ వెనక సీట్లో ఇంకో ఇద్దరున్నారు కదా. పాట్‌లక్కుల్లో కథ చెప్పేది వాళ్ళే. ఆవిడ తాగిందన్న ముక్క కూడా వాళ్ళు చేర్చిందే, మొన్నమొన్న చేర్చింది. వాళ్ళని నిలదీయాలని, పరువు తీయాలని చాలాసార్లు లేచి, మళ్ళీ కూర్చున్నాను. వాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గించేది గుట్టు బయటపడుతుందన్న భయంతో కాదని, ఆ కథ నిజమనే నమ్మి, నన్ను నొప్పించకూడదన్న గౌరవంతోనని ఈ మధ్యే అర్థమైంది. అందుకే ఇక నిలదీయను. వెనక సీట్లో కూర్చున్న మిమ్మల్నిద్దరినీ ఒక్కటి అడుగుతాను, ఈ పత్రిక మీ ఇంటికీ వస్తుంది గనుక, జవాబు నాకు విడిగా చెప్పినా చాలు. ఆ ఆదివారం మధ్యాహ్నం కారులో ఆయన తల వెనక మీలో ఒకరు, ఆవిడ తల వెనక ఇంకొకరు కూర్చున్నారు. ఇవాళ కళ్ళు మూసుకుని ముందుకి చూస్తే, స్టీరింగ్ పట్టుకుని మీకు కనిపిస్తున్నది ఎవరు?